మేకింగ్ ఎ మర్డరర్ చూసినవాళ్లు రండి: ఏవరీ చేశాడా, ఇరికించారా?

బైరాగిపట్టెడ రవి:
నిజంగా జరిగిన కేసు మీద తీసిన పాత డాక్యుమెంటరీ సిరీసే. 2015 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మా రూమ్‌లో ఇప్పుడు పట్టుకున్నాం, పది ఎపిసోడ్లూ నిద్ర మానుకుని చూశాం. రూమ్‌లో రెండు పార్టీలు అయిపోయాయి, అందుకే ఇక్కడ పెడుతున్నా.

చూడనివాళ్ల కోసం కథ. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మానిటోవాక్ కౌంటీ. ఏవరీ వాళ్లది పాడైన కార్లు కొని విడిభాగాలు అమ్ముకునే యార్డు. ఊళ్లో ఆ ఇంటికి మంచి పేరేం లేదు. 1985లో ఒక అత్యాచారం కేసులో స్టీవెన్ ఏవరీకి 32 ఏళ్లు శిక్ష వేశారు. 18 ఏళ్లు లోపలున్నాక, 2003లో, అది చేసింది వేరేవాడని డీఎన్ఏ పరీక్షలో తేలింది. బయటికొచ్చి కౌంటీ మీద 3 కోట్ల 60 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 2005 అక్టోబరు 31న, అమ్మకానికి పెట్టిన బండిని ఫోటో తీయడానికి యార్డుకి వచ్చిన తెరీసా హాల్‌బాక్ కనబడకుండా పోయింది. అయిదు రోజులకు ఆమె కారు ఆ యార్డులోనే దొరికింది. కాలిన ఎముకలు ఇతని ఇంటి వెనక గుంటలో దొరికాయి. 2007లో ఇతనికీ, మేనల్లుడు బ్రెండన్ డాసీకీ విడివిడిగా విచారణ జరిపి యావజ్జీవం వేశారు.

నా మటుకు నాకు ఇరికించారనే అనిపిస్తోంది. కారు తాళం ఒక్కటి చాలు. ఆ చిన్న పడకగదిలో పోలీసులు అప్పటికే వెతికి పోయారు. దావా వేసింది మానిటోవాక్ కౌంటీ మీద కాబట్టి దర్యాప్తు పక్క కౌంటీకి అప్పగించామని వాళ్లే చెప్పారు. మరి తాళం ఎవరికి దొరికింది? మళ్లీ మానిటోవాక్ వాళ్లకే. అదీ నేల మీద, చెప్పుల పక్కన. పైగా తాళం మీద ఏవరీ డీఎన్ఏ ఉంది, ఏళ్లుగా దాన్ని వాడిన తెరీసాది లేదు. ఏందబ్బా ఇది?

కట్టమంచి కుర్రోడు:
రవి అన్నకే నా ఓటు. నెత్తురు సీసా సీన్ మర్చిపోయావా? పాత కేసులో తీసిన ఏవరీ రక్తం కోర్టు ఆఫీసులో ఉంటే, పెట్టె సీలు కోసేసి ఉంది, సీసా రబ్బరు మూత మీద సూది బెజ్జం ఉంది. లాయరు ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. తెరీసా కారులో దొరికిన ఏవరీ రక్తం అక్కణ్నుంచి తీసిందే.

మిట్టూరు సుజాత:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ బెజ్జం దగ్గర పాట పెట్టి, కెమెరా దగ్గరికి తీసుకెళ్లి చూపించేసరికి నాకు నవ్వొచ్చింది. ఊదా మూత ట్యూబు అది. లోపల గాలి తీసేసి ఉంటుంది. సూది ఒక కొన నరంలో, రెండో కొన మూతలోంచి ట్యూబులోకి. రక్తం దానంతటదే లోపలికి లాక్కుంటుంది. మీ అమ్మానాన్నలకు షుగర్ టెస్టు చేయించినప్పుడు ట్యూబు మూత గమనించండి, మధ్యలో చిన్న చుక్కలాంటి బెజ్జం ఉంటుంది. మొదటి భాగం మొత్తంలో ఎక్కడా ఈ ముక్క చెప్పలేదు.

ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది. కారులో మరకల్లో అది ఉందా అని ఎఫ్‌బీఐ పరీక్ష చేసి లేదంది. కనబడనంత మాత్రాన లేదనుకోవద్దని డిఫెన్స్ వాళ్లు వాదించారు. ఆ వాదన తీసిపారేసేది కాదు గానీ, బెజ్జం మటుకు సాక్ష్యమే కాదు.

నిజంగా అడగాల్సింది ఇంకోటి ఉంది. గ్యారేజీలో దొరికిన బుల్లెట్ మీద తెరీసా డీఎన్ఏ ఉందన్న పరీక్ష. ప్రతి పరీక్షతో పాటు ఏమీ లేని ఖాళీ శాంపిల్ ఒకటి నడుపుతాం. అందులో ఏమీ రాకూడదు. వస్తే ఆ పరీక్ష చెత్తబుట్టలోకి పోవాలి. ఇక్కడ ఖాళీ శాంపిల్‌లో పరీక్ష చేసినావిడ డీఎన్ఏనే వచ్చింది. మళ్లీ చేద్దామంటే బుల్లెట్ మీది సరుకంతా మొదటిసారికే అయిపోయింది. అయినా నిబంధనకు మినహాయింపు రాసుకుని ఫలితం ఇచ్చేశారు. మా దగ్గర ఒక మామూలు రిపోర్టు అట్లా ఇస్తే మా సార్ ఊరుకోడు. అది కోర్టులో హత్య కేసు. సిరీస్‌లో ఇది చూపించారు, కానీ జనం సీసా గురించే మాట్లాడతారు.

ఖాకీ ఇంటి పిల్లోడు:
మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. ఇరికించారు అనేవాళ్లు ఒక్కసారి లెక్క వేయండి. కారు తెచ్చి పెట్టాలి. అందులో ఇతని రక్తం పూయాలి. ఎముకలు తెచ్చి గుంటలో పోయాలి. తాళం, బుల్లెట్ సరేసరి. ఇంతమందిలో ఒక్కడు కూడా ఇన్నేళ్లలో నోరు జారలేదంటే మీరు నమ్ముతారా? మన స్టేషన్లో టీ ఎవరు తెప్పించారో కూడా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

పైగా అసలు హంతకుడు ఇంకొకడైతే వాడు ఎవడు? పోలీసులే చంపారా?

పాత బెంచి క్లర్కు:
చిత్తూరు కోర్టుల్లో పనిచేసి రిటైరైనవాణ్ని. మా అమ్మాయి పెట్టిస్తే చూశాను.

ముందు రవి బాబుకు. అసలు విచారణ అయిదారు వారాలు జరిగింది. మీరు చూసింది పది గంటలు. అందులోనూ ఇంటి మనుషుల కన్నీళ్లు, మంచు కురిసే దృశ్యాలు తీసేస్తే సాక్ష్యానికి మిగిలింది కొంచెమే. కారు బానెట్ గొళ్లెం మీద ఏవరీ డీఎన్ఏ ఉందని, అది రక్తానిది కాదని ప్రాసిక్యూషన్ చెప్పింది. ఆ రోజు ఆమెకు తన నంబరు కనబడకుండా దాచి రెండుసార్లు ఫోన్ చేశాడని చెప్పింది. ఇవి సిరీస్‌లో లేవు. ప్రాసిక్యూటర్ కెన్ క్రాట్జ్ తర్వాత ఇదే మొత్తుకున్నాడు. ఆయన వ్యక్తిగతంగా ఎట్లాంటివాడన్నది వేరే విషయం, ఒక కేసులో బాధితురాలికి అసభ్యంగా మెసేజులు పంపిన గొడవ వల్ల 2010లో ఉద్యోగం వదులుకున్నాడు. కానీ మనిషి చెడ్డవాడైనంత మాత్రాన అతను చూపించిన సాక్ష్యం చెడిపోదు.

ఇప్పుడు పోలీసుగారి అబ్బాయికి. పోలీసులే చంపారని ఏవరీ లాయర్లు డీన్ స్ట్రాంగ్, జెర్రీ బ్యూటింగ్ ఎక్కడా అనలేదు. వాళ్లు అన్నది ఇది: ఇతనే చేశాడని పోలీసులు గట్టిగా నమ్మారు, నమ్మి, కేసు నిలబడటానికి ఒకటి రెండు వస్తువులు చేర్చారు. దానికి ఊరంతా కుట్ర చేయనక్కరలేదు. ఇద్దరు చాలు. నా సర్వీసులో చూసిన తప్పుడు సాక్ష్యాల్లో చాలాభాగం ఈ రకమే. అమాయకుణ్ని పట్టుకొచ్చి కావాలని బనాయించేది తక్కువ. వీడే చేశాడు, కోర్టులో మాత్రం తప్పించుకుంటాడు, కాబట్టి మనం కాస్త సాయం చేద్దాం అనుకునేదే ఎక్కువ.

ఖాకీ ఇంటి పిల్లోడు:
సార్, మీరు అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ కాస్త సాయం ఎందుకు చేస్తారో కూడా చెప్పండి. చూసిన సాక్షి కోర్టుకొచ్చి ప్లేటు ఫిరాయిస్తాడు. ల్యాబ్ రిపోర్టు ఏడాదికి గానీ రాదు. పైనుంచి రోజూ ఫోన్లు. చివరికి కేసు కొట్టేస్తే మాటలు పడేది దర్యాప్తు చేసినోడే.

అసలు ప్రశ్న నేనే అడుగుతా. ఏవరీ నిజంగా చంపాడనుకుందాం, తాళం పోలీసులు పెట్టారనుకుందాం. రెండూ నిజమే అయితే వాణ్ని వదిలేయమంటారా?

బైరాగిపట్టెడ రవి:
తాళం పెట్టినోళ్లు రక్తం పూయలేదని గ్యారంటీ ఏముంది అన్నా? ఒకటి అబద్ధమని తేలితే మిగతావి ఎట్లా నమ్మేది? వదిలేయాల్సిందే.

పద్మజ, పలమనేరు:
ఇంతసేపూ చదివాను. తాళం, సీసా, బుల్లెట్, దావా. చనిపోయిన అమ్మాయి గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. 25 ఏళ్లు. సొంతంగా ఫోటోలు తీసుకుంటూ బతుకుతున్న పిల్ల. సిరీస్‌లో కూడా ఆమె ఎక్కడో చిన్న వీడియోలో కనిపిస్తుంది, మళ్లీ యార్డు, మళ్లీ ఏవరీ వాళ్ల వంటిల్లు. ఆమె ఇంటివాళ్లు ఈ సిరీస్‌లో మాట్లాడటానికి ఒప్పుకోలేదు. తమ నష్టం మీద వినోదం, లాభం చేసుకుంటున్నారని విడుదలకు ముందే ప్రకటన ఇచ్చారు. 1985 కేసులో బాధితురాలు కూడా ఒప్పుకోలేదు. ఆవిడ ఎవరినో కాపాడాల్సిన మనిషి కాదు. ఏవరీని పొరపాటుగా గుర్తుపట్టినందుకు అతనికి క్షమాపణ ఉత్తరం రాసిన మనిషి. అట్లాంటావిడే వద్దనుకుందంటే కాస్త ఆలోచించండి.

తెరీసా తమ్ముడు ఒక్కసారి ప్రెస్ ముందు తడబడితే చాలు, ఇంటర్నెట్లో జనం ఆ అబ్బాయినే హంతకుణ్ని చేసేశారు. దాన్ని ఏమంటారు మరి? ఒకడికి అన్యాయం జరిగిందని ఇంకొకడికి చేయడమా?

కట్టమంచి కుర్రోడు:
అక్కా, ఆ తమ్ముడి మొహం చూస్తే నాకూ డౌటే.

పద్మజ, పలమనేరు:
మొహం చూసేనయ్యా ఏవరీని 1985లో లోపలేసింది.

ఎస్వీ లా సెకండియర్:
పద్మజ అక్క ఆ మాట భలే అన్నారు. నేను వేరే దగ్గరికి తీసుకెళ్తా. అందరూ మామ గురించే కొట్టుకుంటున్నారు. మేనల్లుడి కేసు చూడండి. అక్కడ ఎడిటింగ్, పాటలు అని తప్పించుకోవడానికి లేదు, ఎందుకంటే పోలీసులే తీసిన వీడియో ఉంది. పిల్లల్ని కస్టడీలో విచారిస్తే రికార్డు చేయాలని విస్కాన్సిన్ సుప్రీం కోర్టు 2005లోనే చెప్పింది. లేకపోతే మనకి ఇది కనబడేదే కాదు.

2006 మార్చి 1. బ్రెండన్‌కి 16 ఏళ్లు, చదువులో బాగా వెనకబడ్డ పిల్లోడు. స్కూల్ నుంచి తీసుకొచ్చారు. పక్కన అమ్మ లేదు, లాయరు లేడు. సోఫాలో తల దించుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఇద్దరు పోలీసులు. మాకు అంతా తెలుసు, నువ్వు నిజం చెప్తే చాలు అంటారు. ఆమె తలకి ఏం చేశారో చెప్పమంటారు. వీడు వెతుక్కుంటాడు. జుట్టు కత్తిరించాం అంటాడు. ఇంకా? గుద్దాం అంటాడు. ఇంకా? గొంతు కోశాం అంటాడు. ఇంకా, ఇంకా అని అడిగి అడిగి విసిగిపోయి, చివరికి పోలీసే అనేస్తాడు: ఆమెను తలలో కాల్చింది ఎవరు? ఆయనే, అంటాడు వీడు. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, నాకు తోచలేదు అంటాడు.

ఇదంతా అయ్యాక, ఇంకా ఎంతసేపు పడుతుంది, ఆరో పీరియడ్‌కి ప్రాజెక్టు ఇవ్వాలి అని అడుగుతాడు. హత్య ఒప్పుకున్నానని వాడికి తెలియనే లేదు.

వాడి మీద రక్తం లేదు, వేలిముద్ర లేదు, డీఎన్ఏ లేదు. ఆ వీడియోనే కేసు. మన దగ్గరైతే పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యమే కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 25. 2024 జులై నుంచి కొత్త చట్టంలో 23. బ్రెండన్ మన తిరుపతిలో పుట్టి ఉంటే ఆ కేసు నిలబడేది కాదు.

పాత బెంచి క్లర్కు:
చట్టం పుస్తకం ప్రకారం నువ్వు చెప్పింది కరెక్టే బాబూ. కానీ పాత చట్టంలో సెక్షన్ 27 ఒకటుండేది, కొత్తదాంట్లోనూ అదే మాట 23 కింద ఉంచారు. ఒప్పుకోలు చెల్లదు, కానీ ముద్దాయి చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే అంతవరకూ చెల్లుతుంది. ఆ చిన్న సందులోంచి ఏనుగులు పోవడం చూశాను. వస్తువు దొరికినప్పుడు సాక్షులు సంతకం పెట్టే మధ్యవర్తుల రిపోర్టులు నా చేతుల మీదుగా లెక్కలేనన్ని పోయాయి. ఏ స్టేషన్ నుంచి వచ్చినా ఒకే వాక్యం. ముద్దాయి తనంతట తానే ముందు నడుస్తూ దారి చూపగా, మేము అనుసరించి వెళ్లగా, ముళ్లపొద చాటు నుంచి కత్తి తీసి ఇచ్చినాడు. ఊరు మారుతుంది, కత్తి కొలత మారుతుంది, వాక్యం మారదు. కింద వీఆర్వో సంతకం. క్రాస్‌లో లాయరు గట్టిగా అడిగితే, స్టేషన్లోనే సంతకం పెట్టానండీ అని ఆ వీఆర్వోనే అనేస్తాడు.

కాబట్టి బ్రెండన్ ఇక్కడ పుట్టి ఉంటే, వాడి ఒప్పుకోలు ఉండేది కాదు. ముళ్లపొదలో ఏదో ఒకటి దొరికి ఉండేది.

ఖాకీ ఇంటి పిల్లోడు:
సార్, ఆ పిల్లోడి విచారణ తర్వాతే కదా గ్యారేజీలో బుల్లెట్ దొరికింది. సెక్షన్ 27 పెడితే అక్కడా చెల్లుతుంది మరి.

ఎస్వీ లా సెకండియర్:
తలలో కాల్చారన్న మాట ముందు పోలీసు నోట్లోంచి వచ్చిందన్నా. వాడు చెప్పడం వల్ల దొరికింది ఎట్లా అవుతుంది? ఇక బుల్లెట్ పరీక్ష సంగతి సుజాత గారు రాసేశారు.

మంగళం రోడ్డు మురళి:
అమెరికా దాకా ఎందుకు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారుల్ని చంపేశారు. ఘోరం, దాంట్లో ఇంకో మాట లేదు. ఆ కేసులో తమిళనాడు నుంచి వచ్చిన కూలీలను వందల్లో పట్టుకున్నారు. వందల్లో! ఇద్దరి హత్యకి. రెండేళ్లకు పైగా జైళ్లలో పెట్టి, 2016లో మన తిరుపతి కోర్టే నేరం రుజువు కాలేదని కొట్టేసింది. చాలామంది గిరిజనులు, భాష రాదు, బెయిలుకి షూరిటీ ఇచ్చే దిక్కు లేదు. వాళ్ల మీద సిరీస్ ఎవరూ తీయలేదు. చనిపోయిన ఆ ఇద్దరి ఇళ్లకి మాత్రం ఏం న్యాయం జరిగింది? వందమందిని పట్టుకుంటే అసలోణ్ని పట్టుకున్నట్టు కాదు.

కట్టమంచి కుర్రోడు:
విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ అమ్మాయి కేసు కూడా ఇదే కదా. 2007లో హత్య. 2010లో ఒక కుర్రాడికి శిక్ష. 2017లో హైకోర్టు అది కొట్టేసింది. తర్వాత సీబీఐకి ఇచ్చారు. మా అమ్మ ఇప్పటికీ పెద్దోళ్లని తప్పించడానికే వాణ్ని పెట్టారు అంటుంది.

మోడరేటర్:
ఆ కేసులో బాధితురాలి పేరు, ఆ కుర్రాడి పేరు, ఆధారం లేకుండా ఫలానా వాళ్లే చేశారని ఎవరి పేర్లూ ఇక్కడ రాయొద్దు. రాస్తే తీసేస్తాను. ఇప్పటికే రెండు తీసేశాను.

మిట్టూరు సుజాత:
అట్లా లోపలుండి వచ్చినోళ్లకి పోయిన ఏళ్లకి లెక్క ఎవరు కడతారు?

ఎస్వీ లా సెకండియర్:
ఆధారం లేకుండా ఇంకొకర్ని అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి కోర్టు ఇప్పించగలిగే పరిహారం మన చట్టంలో గరిష్ఠంగా 1,000 రూపాయలు అక్కా. కొత్త చట్టంలోనూ అంతే ఉంచారు. 2018లో లా కమిషన్ 277వ నివేదికలో తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకి ప్రభుత్వమే పరిహారం ఇచ్చేలా చట్టం తేవాలంది. అది అక్కడే ఉంది. హైకోర్టుకో సుప్రీం కోర్టుకో పోయి అడుక్కోవాలి. విస్కాన్సిన్‌లో కూడా పెద్ద గొప్పేం లేదు, ఏడాదికి 5,000 డాలర్లు, మొత్తం 25,000 దాటకూడదు. అందుకే ఏవరీ సివిల్ దావా వేశాడు. హత్య కేసులో అరెస్టయ్యాక దాన్ని 4 లక్షల డాలర్లకు తెంచుకున్నాడు. ఆ డబ్బు లాయర్లకే పోయింది.

బైరాగిపట్టెడ రవి:
అదే నేను మొదట్నుంచీ చెప్పేది! 3 కోట్ల 60 లక్షల దావా 4 లక్షలకు దిగింది. ఎవరికి లాభం?

ఖాకీ ఇంటి పిల్లోడు:
లాభం ఉన్నంత మాత్రాన చేసినట్టేనా తమ్ముడూ? ఏవరీకి వ్యతిరేకంగా ఎవరైనా ఇట్లాగే మాట్లాడితే నువ్వు ఒప్పుకుంటావా? తాళం ఒక్కటి నాకూ మింగుడుపడటం లేదు, అది ఒప్పుకుంటా. ఎముకలు మటుకు మింగుడుపడక పోవడానికి ఏముంది? అతని ఇంటి వెనక, అతను మంట వేసిన చోట దొరికాయి.

పాత బెంచి క్లర్కు:
పోలీసుగారి అబ్బాయి అడిగిన ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. చేసినవాడే అయి, సాక్ష్యంలో ఒకటి పోలీసులు పెట్టిందైతే? మన జడ్జి ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో సాక్ష్యాల గొలుసు పూర్తవుతుందా అని చూసి, ఎందుకో రాస్తాడు. తప్పు రాస్తే పైకోర్టు దాన్ని చదివి పట్టుకుంటుంది. అక్కడ దోషా కాదా తేల్చేది జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి ఎంచుకున్నవాళ్లు. వాళ్లు కారణాలు రాయరు. ఏవరీని హత్యలో దోషి అన్నారు, శవాన్ని ఛిద్రం చేసిన అభియోగంలో మాత్రం నిర్దోషి అన్నారు. ఎముకలేమో ఇతని ఇంటి వెనకే దొరికాయి. ఎట్లా కుదిరిందో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పని లేదు. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే భయం వేసింది అక్కడే. రవి బాబు అన్నట్టు మొత్తం వదిలేయాలని నేను అనను. ఆ తాళం పెట్టిన చేతిని మాత్రం బోనెక్కించాలి.

పద్మజ, పలమనేరు:
మరి ఆ పిల్లోడు ఇప్పుడెక్కడున్నాడు?

ఎస్వీ లా సెకండియర్:
లోపలే అక్కా. 2016 ఆగస్టులో ఫెడరల్ కోర్టులో మేజిస్ట్రేట్ జడ్జి వాడి ఒప్పుకోలు స్వచ్ఛందం కాదని శిక్ష కొట్టేశాడు. 2017 జూన్‌లో అప్పీలు కోర్టులో ముగ్గురిలో ఇద్దరు అదే అన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆ కోర్టు జడ్జీలంతా కూర్చుని, 4-3తో తిరగ్గొట్టారు. 2018 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు కేసు తీసుకోనంది. 2048 దాకా పెరోల్ మీద విడుదల అడగడానికి కూడా లేదు. అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాలని లక్షమందికి పైగా సంతకాలు చేస్తే, ఇది రాష్ట్రం కేసు, ఆయనకి అధికారం లేదని వైట్‌హౌస్ జవాబిచ్చింది.

ఖాకీ ఇంటి పిల్లోడు:
పిల్లోడి విషయంలో నేనేం వాదించను. ఆ వీడియో మా నాన్నకి చూపించా. సగంలో ఆపేయమన్నాడు.

కానీ సార్, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో (బీఎన్ఎస్ఎస్) సోదా మొత్తం వీడియో తీయాలని సెక్షన్ 105లో పెట్టారు కదా. ఇకమీద తాళాలు, కత్తులు ఊరికే దొరకడం కుదరదు. అదన్నా మంచిదేనా?

పాత బెంచి క్లర్కు:
మంచిదే నాయనా. రికార్డు బటన్ ఎప్పుడు నొక్కారన్నదే చూడాలి. పొద దగ్గరికి పోకముందా, పోయాకా?

బైరాగిపట్టెడ రవి:
సరే, 2018లో వచ్చిన రెండో భాగం ఈ శనివారం మొదలుపెడుతున్నాం. కొత్త లాయరు కాత్లీన్ జెల్నర్ అంట. ఎవరైనా చూశారా, బాగుంటుందా?

మిట్టూరు సుజాత:
రక్తం మరకల ప్రయోగాలు చూడొచ్చు. ఏవరీ తలకి తీగలు పెట్టి మెదడు పరీక్ష చేసే ఎపిసోడ్ మాత్రం నమ్మొద్దు. నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ లాంటివి మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని మన సుప్రీం కోర్టు 2010లోనే చెప్పింది.

ఖాకీ ఇంటి పిల్లోడు:
అది అయ్యాక 2023లో వచ్చిన కన్విక్టింగ్ ఎ మర్డరర్ కూడా చూడు తమ్ముడూ, మొదటి సిరీస్ ఏం దాచిందో అందులో వరసగా చెప్తారు. రెండూ చూసి రా, అప్పుడు మాట్లాడదాం.

పాత బెంచి క్లర్కు:
సిరీస్‌లు ఎన్నైనా చూడండి. ఆ 4-3 తీర్పు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. ముగ్గురు జడ్జీల అసమ్మతి కూడా అందులోనే ఉంది. ముందు అది చదవండి.

కట్టమంచి కుర్రోడు:
పెద్దాయనా, ఎన్ని పేజీలు?